మూడు జిల్లాల కళాసంపద: ఎవరి కప్పు కింద?

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి దగ్గర ఇళ్ళ స్థలాల కోసం నేల చదును చేస్తుంటే ఒక బిందె బయటపడింది. లోపల బంగారు, వెండి నగలు. లంకెబిందె దొరికిందన్న మాట క్షణాల్లో చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. జనం తరలివచ్చారు, పూజలూ చేశారు. అధికారులొచ్చి నగలను స్వాధీనం చేసుకున్నారు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెప్పేదీ అదే: నేలలో దొరికిన పాత సొత్తు సంగతి కలెక్టరుకు తెలపాలి, ఆపైన దాని గతి ఏమిటో ప్రభుత్వం తేలుస్తుంది.

ఆ చట్టం జవాబు చెప్పని ప్రశ్న ఒకటుంది. అలా దొరికినవాటిని జనగామలోనే పదిమందికీ చూపించాలంటే చోటేదీ? రాష్ట్ర వారసత్వ శాఖ నడిపే మ్యూజియం జనగామ జిల్లాలో లేదు. మహబూబాబాద్‌లో లేదు. జయశంకర్ భూపాలపల్లిలోనూ లేదు. అట్లని ఈ మూడు జిల్లాలూ కళలో పేదవేమీ కావు. పెంబర్తి ఇత్తడి పని, గణపురం కోటగుళ్ళు, పాండవుల గుట్ట మీది రంగు బొమ్మలు, బయ్యారం, కొరవి శాసనాలు, డోర్నకల్ చర్చి, చిందు భాగోతం ఆహార్యం, కోయల పడిగెలు... చిట్టా పొడుగే.

వీటిని ఎక్కడ ఉంచాలి, ఎవరు చూసుకోవాలి అన్న చర్చ కొత్తది కాదు. కానీ అది చిక్కుపడిపోయింది. ఒకరు రాతి విగ్రహాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడితే ఇంకొకరు గుడ్డ మీది పటాన్ని మనసులో పెట్టుకుని బదులిస్తారు. ఒకరు దొంగల భయం చెబుతారు, ఇంకొకరు ఊరి హక్కు గుర్తుచేస్తారు. అందరి మాటల్లోనూ నిజముంది. అందుకే తగువు తెగడం లేదు.

జిల్లా గీతలు, కళ దారులు

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. అదే విభజనలో అప్పటిదాకా జనగామ డివిజన్‌లో ఉన్న చేర్యాల సిద్దిపేటకు వెళ్ళింది. నకాషీ చిత్రకారుల ఊరుగా దేశమంతా తెలిసిన చేర్యాల అది. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. పాలంపేట రామప్ప గుడి ములుగు పాలైంది. 2021 జులై 25న రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కేనాటికి భూపాలపల్లి దాన్ని తనదని చెప్పుకునే వీలు లేకపోయింది.

పాలనకు ఈ గీతలు ఎంత అవసరమో ఏమో కానీ, మ్యూజియం గురించి ఆలోచించేవాళ్ళకు అవి పెద్ద ఇబ్బంది. గణపురం కోటగుళ్ళ మదనికలను, అంటే స్త్రీమూర్తుల శిల్పాలను, రామప్ప మదనికల పక్కన పెట్టి చూడకుండా రెంటిలో ఏదీ పూర్తిగా అర్థం కాదు. రెండూ కాకతీయ రాజు గణపతిదేవుని కాలానివే, రెండూ కాకతీయ శిల్పుల చేతివే. ఇప్పుడు ఒకటి ఒక కలెక్టరు పరిధిలో ఉంది, రెండోది ఇంకొకరి పరిధిలో. జనగామకు అటువైపు ఆలేరు దగ్గరున్న కొలనుపాకలో సోమేశ్వరాలయాన్ని ఆనుకుని పురావస్తు మ్యూజియం ఉంది. చాళుక్య, కాకతీయ కాలాల శిల్పాలున్న ఆ చోటు జనగామవాళ్ళకు ఎంత దగ్గరైనా, కాగితాల మీద యాదాద్రి భువనగిరి జిల్లా ఆస్తి. 'జిల్లాకో మ్యూజియం' అన్న నినాదం వినడానికి బాగుంటుంది. దాన్ని అక్షరాలా పాటిస్తే జనగామ మ్యూజియంలో చేర్యాల పటం ఉండకూడదు, భూపాలపల్లి మ్యూజియంలో రామప్ప ఊసు రాకూడదు. ఆ మాట ఎవరూ పైకి అనరు గానీ, పంపకాల వేళకు ఇలాంటి పేచీలే వస్తాయి.

వందేళ్ళ వెనక నుంచి

నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను 1914లో పెట్టింది. మొదటి సంచాలకుడు గులాం యజ్దానీ. పాలంపేట గుళ్ళ మీద ఆయన రాసిన గ్రంథం 1922లో అచ్చయింది. ఓరుగల్లు అడవుల్లోని కాకతీయ కళను బయటి లోకానికి సవిస్తరంగా పరిచయం చేసిన తొలి రచనల్లో అదొకటి. 1930లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రభుత్వ మ్యూజియం వెలిసింది. ఇప్పటి తెలంగాణ స్టేట్ మ్యూజియం అదే. అప్పటినుంచి ఒక అలవాటు స్థిరపడింది. జిల్లాల్లో దొరికిన వాటిలో మేలైనది, చిన్నది, విలువైనది రాజధానికి వెళ్తుంది. మోయలేనిది అక్కడే పడి ఉంటుంది.

ఈ అలవాటు నిజాముతో మొదలైంది కాదు. తెలుగు నేల మీద దీనికి అంతకుముందే పెద్ద ఉదాహరణ ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం ఫలకాలను తవ్వించి మద్రాసుకు తరలించాడు. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్‌కు వెళ్ళింది, చివరకు బ్రిటిష్ మ్యూజియంలో కుదురుకుంది. అమరావతి చూడటానికి ఒకప్పుడు అమరావతికి వెళ్ళాలి. ఇప్పుడు చెన్నైకి, లండన్‌కు కూడా వెళ్ళాలి. మ్యూజియం కాపాడుతుందా, కాజేస్తుందా అన్న తెలుగు చర్చంతా ఏదో ఒక రూపంలో అమరావతి నీడలోనే సాగుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ నాగార్జునకొండ. సాగర్ ఆనకట్ట వల్ల మునగబోయే లోయను 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, దొరికిన శిల్పాలను దూరం తీసుకుపోకుండా కొండ మీదే మ్యూజియం కట్టారు. 1966లో తెరిచిన ఆ ద్వీప మ్యూజియం, వస్తువును దాని నేలకు దగ్గరగానే ఉంచవచ్చని రుజువు చేసింది.

కాలక్రమంలో జిల్లా మ్యూజియాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. కరీంనగర్‌లో, వరంగల్‌లో, నల్లగొండ పక్కన పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంలో, మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో, అలంపురంలో. గుడినో ఉద్యానవనాన్నో ఆనుకుని కట్టినవే ఎక్కువ. వాటిలో రాతి విగ్రహాలు, నాణేలు, శాసనాలు ఉంటాయి. జిల్లాలో బతికున్న చేతిపని, ఆటపాట, అడవి బిడ్డల కళ మాత్రం ఈ నమూనాలో ఇమడలేదు. పురావస్తు శాఖ పెట్టిన మ్యూజియం పురావస్తువులనే చూస్తుంది మరి. ఆ ఖాళీని కొంత పూరించే ప్రయత్నం తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్‌లో నడిపే జానపద గిరిజన విజ్ఞాన పీఠానిది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంకులోని గిరిజన మ్యూజియం, మేడారంలో సమ్మక్క సారలమ్మ గద్దెల సమీపంలో కట్టిన గిరిజన మ్యూజియం తర్వాతి అడుగులు.

మొదటి వాదం: హైదరాబాదే భద్రం

వస్తువుకు ప్రాణభయం ఉన్నచోట ఊరి అభిమానం పనికిరాదన్నది ఈ పక్షం మాట. ప్రకాశం జిల్లా చందవరం నుంచి చోరీ అయిన బౌద్ధ శిల్ప ఫలకం సముద్రాలు దాటి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. 2016లో ఆ సంస్థ దాన్ని భారత్‌కు తిరిగి అప్పగించింది. దొరికింది కాబట్టి కథ మనకు తెలిసింది. దొరకనివాటి కథ ఎవరు చెప్పాలి? తాళం, కాపలా, తేమను అదుపులో పెట్టే గది, రసాయన శుద్ధి తెలిసిన మనిషి. ఈ నాలుగూ చిన్న ఊళ్ళో దొరకవు కాబట్టి రాజధానికి తేవాలంటారు వీళ్ళు.

పటాల విషయంలో ఈ వాదానికి మరింత బలముంది. నకాషీ పటాన్ని ఖద్దరు గుడ్డ మీద వేస్తారు. గుడ్డకు గంజి, చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఆరిన తర్వాత ఎర్రటి నేల మీద బొమ్మలు దిద్దుతారు. గంజి, జిగురు పురుగుకు ఇష్టమైన తిండి. వెలుతురు తగిలితే రంగు వెలుస్తుంది, మడత పడితే పూత పెచ్చులూడుతుంది. హైదరాబాద్‌లోని జగదీశ్, కమల మిత్తల్ భారతీయ కళా మ్యూజియం అలాంటి పాత పటాలను సేకరించి భద్రపరిచింది. వాటి మీద 2014లో జగదీశ్ మిత్తల్ పుస్తకమూ తెచ్చారు. ఆ సేకరణ లేకపోతే తెలంగాణ పటాల పాత చరిత్రలో కొన్ని పుటలు మనకు మిగిలేవి కావన్నది ఒప్పుకోవాల్సిన మాట. ఒక వ్యక్తి రుచి, పట్టుదల చేసిన పని అది. ప్రభుత్వం చేసింది కాదు.

ఈ వాదంలో లొసుగు ఎక్కడంటే, రాజధానికి చేరిన వస్తువుల్లో గోడకెక్కేవి కొన్నే. తక్కినవి గోదాముల్లో ఉంటాయి. ప్రపంచంలో ఏ పెద్ద మ్యూజియమైనా అంతే. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్ళాయి. గర్వించాల్సిన సంగతే. కానీ ఫణిగిరి పిల్లల కంటే ముందు న్యూయార్క్ పిల్లలు వాటిని ఒక మంచి గదిలో, మంచి దీపాల కింద చూసుంటారేమోనన్న అనుమానం తెలంగాణలో ఎవరికైనా రావచ్చు.

రెండో వాదం: జిల్లాకు దాని వాటా

కొత్త జిల్లాలు వచ్చాక బలం పుంజుకున్న వాదమిది. కలెక్టరేటు, మెడికల్ కాలేజీ వచ్చినట్టే మ్యూజియం కూడా జిల్లాకు ఒక హక్కుగా రావాలంటుంది. మానుకోట (మహబూబాబాద్) పిల్లవాడు కాకతీయుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే బయ్యారం చెరువు శాసనం గురించి హైదరాబాద్‌లో ఎందుకు తెలుసుకోవాలి? గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు అది. కాకతీయ వంశావళికి ఆ శాసనం ముఖ్యమైన ఆధారం. అదే జిల్లాలోని కొరవి శాసనం తెలుగు వచనం రాతికెక్కిన తొలినాళ్ళ నాటిది. ఈ రెంటి నకళ్ళు, చదివి వివరించిన పాఠాలు, చెరువుల పటాలు ఒక గదిలో పెడితే మహబూబాబాద్ మ్యూజియానికి అంతకు మించిన తలవాకిలి ఉండదు.

వాదం బాగుంది, లెక్క దగ్గర చిక్కొస్తుంది. తెలంగాణలో 33 జిల్లాలు. ప్రతి జిల్లాకూ మ్యూజియం అంటే ప్రతి చోటా ఒక క్యూరేటర్, ఒక రసాయన శుద్ధి నిపుణుడు, కాపలాదారులు, జీతాలు, కరెంటు బిల్లు. కట్టడానికి డబ్బు దొరుకుతుంది, ఎందుకంటే శంకుస్థాపనకు రాయి కావాలి, ఫోటో కావాలి. నడపడానికి దొరకదు. భవనం కట్టి మనుషులను పెట్టకపోతే మిగిలేది దుమ్ము పట్టిన అద్దాలపెట్టెలు, ఆదివారం మూసి ఉండే గేటు. జిల్లా మ్యూజియాల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ బాపతువే.

మూడో వాదం: కదిలిస్తే చచ్చిపోతుంది

కొన్ని కళలను కదిలించడం కుదరదు. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్ట అలాంటిది. 1990లో వెలుగులోకి వచ్చిన ఆ రాతి గుహల్లో మధ్యరాతియుగం నుంచి మధ్యయుగాల దాకా వేర్వేరు కాలాల బొమ్మలున్నాయి: అడవిదున్న, జింక, పులి, చిరుత, స్వస్తికలు, వలయాలు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులు. వీటిని పెకిలించి అద్దాలపెట్టెలో పెట్టడమనేది ఆలోచనకే నిలవదు. అక్కడ కావాల్సింది మ్యూజియం కాదు, అదుపు. చెయ్యి తగలకుండా, పొయ్యి పొగ పారకుండా, సున్నంతో పేర్లు రాయకుండా చూసే మనుషులు కావాలి. కొండలెక్కే సాహస క్రీడలకూ ఆ గుట్టకు పేరొచ్చింది. సందర్శకులు పెరిగితే బొమ్మలకు మేలో కీడో తేల్చేది టికెట్ల అమ్మకం కాదు, అక్కడ వేసే దారి.

చిట్యాల మండలం నైనపాకలో ఒకే బండను నాలుగు వైపులా దేవతామూర్తులుగా చెక్కి, పైన ఇటుక శిఖరం లేపిన గుడి ఉంది. సర్వతోభద్ర ఆలయమంటారు. అదీ ఎక్కడికీ రాదు. కోటగుళ్ళలో ప్రధానాలయమైన గణపేశ్వరాలయం చుట్టూ ఇరవైకి పైగా చిన్న గుళ్ళున్నాయి. దక్షిణ ముఖమండపం దగ్గర మదనికలు, సగం సింహం సగం ఏనుగైన మృగాన్ని ఎక్కిన నరసింహరూపం చూపు తిప్పుకోనీయవు. చుట్టూ కూలిన రాళ్ళెన్నో. ఏ రాయి ఏ గుడిదో తేల్చాలంటే అవన్నీ ఒకేచోట ఉండాలి. ఒక మంచి స్తంభాన్ని తీసి హైదరాబాద్‌లో నిలబెడితే హైదరాబాద్‌కు ఒక బొమ్మ దక్కుతుంది, కోటగుళ్ళకు మాత్రం కట్టడాన్ని తిరిగి నిలిపే ఒక ఆధారం పోతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పి, రాళ్ళకు అంకెలు వేసి, ఏళ్ళ తరబడి తిరిగి కట్టి 2024 మార్చిలో తెరిచారు. అంత ఆలస్యానికి విమర్శలు వచ్చినా, రాళ్ళు అక్కడే ఉండబట్టి ఆ పని సాధ్యమైంది. వరంగల్ కోట మధ్యలో స్వయంభూ ఆలయ శిథిలాలను నాలుగు కీర్తితోరణాల నడుమ ఆరుబయటే పరిచి చూపించడమూ ఈ ఆలోచనకు దగ్గరదే.

ఈ పక్షంవాళ్ళు ఒక్కోసారి అతికి పోతారు. 'ఊళ్ళోనే ఉండాలి' అనడమంటే చెట్టు కింద వదిలెయ్యడం కాదు. పొలంగట్ల మీద పడున్న వీరగల్లులకు పసుపు, నూనె, ఎనామిల్ పెయింట్ పట్టించడం తెలంగాణ అంతటా కనిపించేదే. అది భక్తి, కాదనలేం. రాతి మీది సన్నటి చెక్కుడుకు మాత్రం అది నష్టం. స్థలంలోనే ఉంచడమంటే ఒక రేకుల షెడ్డు, ఒక అరుగు, ఒక పేరు పలక, ఒక జీతగాడు. ఈ నాలుగూ లేని 'స్థల మ్యూజియం' పేరుకే.

నాలుగో వాదం: చేసే చెయ్యే మ్యూజియం

మిగతా మూడూ వస్తువు గురించి మాట్లాడతాయి. ఇది మనిషి గురించి మాట్లాడుతుంది.

పెంబర్తిలో విశ్వకర్మ కుటుంబాలు ఇత్తడి రేకును లక్క పరుపు మీద పరిచి, సుత్తితో, ఉలితో వెనకనుంచి ఉబ్బెత్తుగా దిద్దుతాయి. ఆనవాయితీగా చెప్పేదాని ప్రకారం కాకతీయుల కాలంలో రథాలకు, గుళ్ళకు రేకు పని చేసినవాళ్ళు వీళ్ళు. నిజాముల ఏలుబడిలో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు చేశారు. ఇప్పుడు ధ్వజస్తంభం తొడుగులు, వాహనాలు, మకరతోరణాలతో పాటు సన్మానాల జ్ఞాపికలూ చేస్తున్నారు. ఈ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల పోటీలో పెంబర్తి ఎంపికైంది. ఇన్ని గుర్తింపులున్న ఊరికి పాత పనితనం నమూనాలు చూపే ప్రభుత్వ మ్యూజియం లేకపోవడం ఏమిటని ఒకరు అడుగుతారు. పాత నమూనా ఎవరికి కావాలి, ఇవాళ్టి ఆర్డరు కావాలి అని ఇంకొకరంటారు. ఇత్తడితో ఇంకో చిక్కుంది: పాత సామాను బేరంలో దానికి తూకం ధరే. నూరేళ్ళ నాటి పాన్‌దాన్ కరిగించే పొయ్యిలోకి వెళ్తే దాని నగిషీ గురించి అడిగేవాడుండడు.

1971లో ఫ్రాన్సులో హ్యూగ్ ద వరీన్, జార్జ్ ఆంరీ రివియేర్ ముందుకు తెచ్చిన 'ఎకో మ్యూజియం' ఆలోచన ఇలాంటి ఊళ్ళకు సరిపోతుందని వాదించేవాళ్ళున్నారు. ఊరు, దాని ఇళ్ళు, దాని పని, దాని జ్ఞాపకం అన్నీ కలిసి మ్యూజియం. ఒడిశాలో పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్ ఇంచుమించు ఆ తరహాలో నడిచింది. పటచిత్రాలు వేసే ఇళ్ళ గుమ్మాలే అక్కడ ప్రదర్శన. చేర్యాలలో నకాషీ కుటుంబాల పరిస్థితి కొంత అలాంటిదే: ధనాలకోట వైకుంఠం వంటి కళాకారులకు జాతీయ స్థాయి గుర్తింపు దక్కింది, పటాలు మాస్కులుగా, గోడ బొమ్మలుగా, కీచైన్లుగా మారి అమ్ముడుపోతున్నాయి.

ఇక్కడే అసలు ఇబ్బంది. పటం అమ్ముకోవడానికి పుట్టిన వస్తువు కాదు. కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేందుకు, కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేందుకు, గౌడజెట్టివాళ్ళు గౌడులకు, డక్కలివాళ్ళు మాదిగలకు జాంబపురాణం చెప్పేందుకు పటం వేయించుకున్నారు. మందహెచ్చులవాళ్ళు గొల్లలకు కాటమరాజు కథ చెప్పడానికి బొమ్మలు చేయించుకున్నారు. ఏ ఊళ్ళో ఎవరు కథ చెప్పాలన్నది వంశపారంపర్య హక్కు. పటం పాతబడితే దానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలిపేవారు. అంటే ఆ సంప్రదాయంలో పటానికి ఆయుష్షుంది. మ్యూజియం చేసేది ఆ ఆయుష్షును ఆపడం. దాన్ని తప్పనలేం, ఎందుకంటే పాత పటం ఏట్లో కలిస్తే చరిత్ర కూడా కలిసిపోతుంది. ఒప్పని కూడా తేలిగ్గా తేల్చలేం, ఎందుకంటే గోడకు వేలాడే డక్కలి పటం కింద 'తెలంగాణ జానపద చిత్రకళ' అని రాసిన చీటీ, ఆ పటం ఏ కులం ఎవరి ముందు తన పుట్టుక గౌరవాన్ని పాడుకుందో చెప్పకుండానే దాటేస్తుంది. కథ చెప్పే గొంతు లేని పటం సగమే పటం.

చర్చలోకి రానివి

కాకతీయ శిల్పం గురించి ఎంత మాట్లాడినా, మూడు జిల్లాల్లో పెద్దగా ప్రస్తావనకు రాని కళ ఇంకా చాలా ఉంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్‌లో కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, చర్చి లోపలి అమరిక ఒక్క కట్టడంలో కలిసిన ఉదాహరణలు దక్షిణాదిలో అరుదు. మహబూబాబాద్ జిల్లా కళా చరిత్రలో అదొక అధ్యాయం కావాలి. వారసత్వం అనగానే గుడి, కోట మాత్రమే గుర్తొచ్చే అలవాటు దాన్ని పక్కకు నెడుతోంది.

జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. చిందువాళ్ళ కిరీటాలు, భుజకీర్తులు, గజ్జెలు, ముఖానికి పూసే అర్దళం అన్నీ మ్యూజియం వస్తువులే. వాటిని సేకరించే పద్ధతి మాత్రం శిల్పాన్ని సేకరించే పద్ధతి కాకూడదు. వచ్చే వారం ఆటకు కావాల్సిన కిరీటాన్ని అద్దంలో పెడితే ఎవరికి లాభం? కోయల డోలీలు తమ వంశ కథలను పడిగె గుడ్డల మీది బొమ్మలు చూపిస్తూ చెబుతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను తెలుగులో, కోయలో గానం చేసిన డోలీ. గంగారం, కొత్తగూడ మండలాల కోయ గూడేలకు పడిగె ఒక పవిత్ర వస్తువు. అందరి కంటా పడేలా ఎప్పుడూ పరిచి ఉంచడానికి వాళ్ళు ఒప్పుకుంటారా అన్నది మ్యూజియం కట్టకముందే అడగాల్సిన ప్రశ్న. లంబాడీ తండాల అద్దాల కుట్టుపని సంగతీ అంతే. మహబూబాబాద్‌లో వాళ్ళ సంఖ్య చూస్తే జిల్లా మ్యూజియంలో సగం గది వాళ్ళది కావాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

నాలుగు వాదాలూ నిజానికి ఒకే వస్తువు గురించి మాట్లాడటం లేదు. దీన్ని గుర్తించకపోవడమే ఇంత గందరగోళానికి మూలం. చిన్నది, విలువైనది, త్వరగా పాడయ్యేది అయితే, అంటే నగలు, నాణేలు, పాత పటాల వంటివైతే, హైదరాబాద్ పక్షం బలంగా ఉంటుంది. కదలని రాతికి, రాతి మీది రంగుకు స్థలపక్షం. ఇంకా తయారవుతున్న వస్తువుకు, ఇంకా ఆడుతున్న ఆటకు ఊరి పక్షం. జిల్లా పక్షానికి సొంతంగా ఒక వస్తువు రకం లేదు. దానికున్నది ప్రేక్షకుడు. తల్లిదండ్రులు రోజు కూలీ పోగొట్టుకోకుండా బడిపిల్లవాణ్ని తెచ్చి చూపించగలిగినంత దూరంలో మ్యూజియం ఉండాలన్నదే దాని బలం, అదే దాని న్యాయం కూడా. తక్కిన మూడు పక్షాలూ ఆ పిల్లవాణ్ని తరచుగా మరిచిపోతాయి.

తేలనివి

మొదటిది యాజమాన్యం. 1972 పురావస్తు చట్టం వందేళ్ళు దాటిన కళావస్తువులను, 75 ఏళ్ళు దాటిన రాతప్రతులను పురావస్తువులుగా చూస్తుంది. 2017 తెలంగాణ వారసత్వ చట్టం కట్టడాల రక్షణకు తోవ చూపింది. కానీ ఒక కుటుంబం చేతిలో ఉన్న పటం, గుడి చేతిలో ఉన్న ఇత్తడి వాహనం, గూడెం చేతిలో ఉన్న పడిగె: వీటి విషయంలో రాజ్యం, కులం, కుటుంబం ముగ్గురిలో ఎవరి మాట చెల్లాలి? చట్టం రాజ్యం అంటుంది. ఆచారం కులం అంటుంది. అమ్ముకునే హక్కు మాత్రం కుటుంబానిదే. 2022లో అంతర్జాతీయ మ్యూజియంల మండలి తన నిర్వచనాన్ని మార్చి సమాజాల భాగస్వామ్యాన్ని అందులో చేర్చింది. ఆ భాగస్వామ్యం అంటే మన దగ్గర ఎవరి సంతకమో ఇంకా ఎవరూ తేల్చలేదు.

రెండోది నకలు విలువ. శాసనానికి నకలు సరిపోతుంది, చదివేది అక్షరాన్నే కదా. మదనికకు సరిపోదు. పడిగెకు నకలు చేయవచ్చా అన్నది కళ ప్రశ్న కాదు, నమ్మకం ప్రశ్న. జతన్ వంటి సాఫ్ట్‌వేర్‌తో సాలార్‌జంగ్ సహా కొన్ని జాతీయ మ్యూజియాలు తమ వస్తువులను ఇంటర్నెట్‌లో పెట్టాయి. ఈ డిజిటల్ తోవ అన్ని తగువులనూ తీర్చేస్తుందని నమ్మేవాళ్ళు పెరిగారు. తెర మీద బొమ్మ చూపడం సులువే. బొమ్మ కింద ఏం రాయాలో తెలిసిన మనిషి దొరకడమే కష్టం, ఆ కష్టం తెరతో తగ్గదు.

మూడోది, అన్నిటికంటే ముందు రావాల్సింది, చిట్టా. పెంబర్తిలో ఏ ఇంట్లో పాత అచ్చులున్నాయి, ఏ గుడిలో వందేళ్ళ నాటి వాహనముంది, ఏ పొలంలో వీరగల్లుంది, ఏ గూడెంలో ఎన్ని పడిగెలున్నాయి? ఊరూరా తిరిగి, ఫోటో తీసి, పేరు రాసి, అంకె వేసిన జాబితా ఒకటి ఉంటే ఈ చర్చలో సగం తగువులు వాటంతటవే సర్దుకుంటాయి. చోరీ అయిన వస్తువు తిరిగి రావాలన్నా మొదట కావాల్సింది దాని ఫోటోనే.

మూడు జిల్లాలకు మూడు భవనాలు కట్టడం తప్పు లెక్క. పాత ఓరుగల్లు ప్రాంతమంతటికీ కలిపి ఒక భద్రమైన గోదాము, శుద్ధి గది ఉన్న ఒక్క మ్యూజియం చాలు. దాని కొమ్మలుగా గణపురంలో, పాండవుల గుట్ట దిగువన, బయ్యారం కట్ట మీద, పెంబర్తిలో చిన్న చిన్న గదులు, ఒక్కో దానికి ఒక్కో జీతగాడు ఉండాలి. వస్తువులు ఏడాదికొకసారి కొమ్మ నుంచి కొమ్మకు తిరగాలి. పటాలు, పడిగెలు ఉన్న గదికి వాటి మీద కథ చెప్పేవాళ్ళనే నెల జీతానికి పెట్టుకోవాలి. వీటికి ముందు చేయాల్సిన చిట్టాకు భవనం అక్కర్లేదు: ఒక్కో మండలానికి ఇద్దరు చదువుకున్న యువకులు, ఒక కెమెరా, ఏడాది సమయం కావాలి. శంకుస్థాపన రాయికి డబ్బు వెతికేముందు మూడు జిల్లాల కలెక్టర్లు ఆ పని మొదలుపెట్టాలి.